షిమ్లాలో మొదటి చలికాలం, కిటికీ దగ్గర కోతులు, ఇంట్లో చిన్నపిల్ల: తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడ_అమ్మాయి
నవంబరు 17, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్ మీద షిమ్లా వేశారు. సెప్టెంబరులో సామాను సర్దుకుని వచ్చేశాం. నేను, ఆయన, ఐదేళ్ల పాప, మా అత్తయ్యగారు. సంజౌలీ వైపు ఇల్లు తీసుకున్నాం. రోడ్డు మీద నుంచి చూస్తే ఇల్లు కనపడదు, పక్కనుంచి మెట్లు దిగిపోవాలి. 42 మెట్లు, పాప రోజూ లెక్కపెడుతూ దిగుతుంది. వచ్చిన కొత్తలో ఆ దేవదారు చెట్లు, పొద్దున్నే లోయలోంచి పైకి లేచే మబ్బు చూసి అందరం చాలా సంతోషపడ్డాం. ఇప్పుడు భయం పట్టుకుంది.

మా వంటింటి కిటికీలోంచి జాఖూ కొండ మీది ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుంది. వచ్చిన మొదటి మంగళవారం అత్తయ్య స్వామికి దణ్ణం పెట్టుకుని కిటికీ బయట కూర్చున్న కోతికి అరటిపండు ఇచ్చారు. అది చాలా నెమ్మదిగా అందుకుంది. వేళ్లు అచ్చం మనిషి వేళ్లే, గోళ్లు మాత్రం నల్లగా ఉన్నాయి. తొక్క వలిచి తిని, తొక్క మా గుమ్మంలో పడేసి పోయింది. అత్తయ్య కళ్లనిండా నీళ్లు. ఆ తర్వాత నుంచి ప్రతి మంగళవారం, శనివారం పండ్లు పెట్టడం అలవాటైంది. ఒకటి కాస్తా మూడయ్యాయి, దసరా నాటికి పదకొండు. ఇప్పుడు వారంతో పనిలేదు, పొద్దున ఏడింటికల్లా వచ్చి కిటికీ చువ్వలు పట్టుకుని ఊపుతున్నాయి. ఆరేసిన బట్టలు లాగేస్తున్నాయి, నీళ్ల ట్యాంకు మూత తీసేసి అందులో స్నానం చేస్తున్నాయి.

నిన్న సాయంత్రం పాప మెట్లమీద బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వస్తుంటే ఒకటి మీదికి దూకి లాక్కుంది. పాప మణికట్టు మీద రెండు గీతలు పడ్డాయి. రక్తం కారలేదు, కందిపోయింది అంతే. నేను పసుపు అద్దాను. కొరకలేదు కదా, ఇంజెక్షన్ అక్కర్లేదేమో అంటున్నారు మా ఆయన. నిజమేనా?

ఇంకా చాలా ఉన్నాయి. మా ఇంట్లోకి ఎండ పదకొండు దాటాక వస్తుంది, రెండింటికి పోతుంది. ఇప్పుడే ఇంత చలి అయితే జనవరిలో ఎలా? పక్కింటావిడ మొన్న ‘కింద నాలా దగ్గర బాఘ్ తిరుగుతోంది’ అంది. నేను పెద్దపులి అనుకుని వణికిపోయాను. ఇక్కడివాళ్లు చిరుతను అలాగే అంటారట. చిరుత అయినా తక్కువా? పైగా ఇడ్లీ పిండి రెండురోజులు పెట్టినా పొంగడం లేదు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, బీపీ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒకేసారి అన్నీ రాసేశాను. ఏమీ అనుకోకండి.


తెల్లకోటు
నవంబరు 17, రాత్రి 9.34

అమ్మా, మిగతావన్నీ తర్వాత. రేపు పొద్దున్నే పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను చండీగఢ్‌లో పదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను, కోతి కేసులు చూస్తూనే ఉంటాను. కొరకలేదు కాబట్టి పరవాలేదు అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. రక్తం రాకుండా గీరుకుపోయినా రేబిస్ టీకా వేయించాల్సిందే. రక్తం వచ్చినా, చర్మం తెగినా టీకాతో పాటు గాయంలోకి సీరం, అంటే వెంటనే పనిచేసే విరుగుడు మందు, కూడా ఇస్తారు. అది ఏ రకం గాయమో డాక్టరు చూసి చెప్పాలి, ఫొటో చూసి మనం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ముందే వేయించుకుంటే పూర్తిగా ఆపొచ్చు.

ఆ పసుపు ఇప్పుడే కడిగేయండి. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి కడగండి. సగం రక్షణ ఆ కడగడంలోనే ఉంది. పసుపు, సున్నం, కాఫీపొడి, కారం ఏదీ పెట్టకూడదు. ఒక రోజు గడిచిపోయింది కదా ఇంకెందుకు అనుకోవద్దు, ఆలస్యమైనా వేయించాలి. టీకా ఒక్కసారితో అయిపోదు. మొదటిది వేసిన మూడు రోజులకు ఒకటి, ఏడు రోజులకు ఒకటి, ఆ తర్వాత ఇంకా ఉంటాయి. కార్డు మీద తేదీలు రాసిస్తారు, ఒక్కటి కూడా తప్పించొద్దు.

మీరున్న ఊళ్లో ఈ విషయం బాగా తెలిసిన వైద్యులు ఉన్నారు. రేబిస్ సీరం ఖరీదెక్కువ, దొరకడమూ కష్టం. కండకు అంత మందు ఇవ్వక్కర్లేదు, గాయంలోకే ఇస్తే చాలు, తక్కువ మందుతో ఎక్కువమందిని కాపాడొచ్చు అని చూపించినది షిమ్లాలో పనిచేసిన డాక్టర్ ఒమేష్ భార్తీ. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతినే సిఫారసు చేసింది, 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి మొహమాటపడకుండా ప్రభుత్వాసుపత్రికే వెళ్లండి. వెళ్లొచ్చాక ఇక్కడ ఒక్క ముక్క రాయండి, మాకు నిమ్మళంగా ఉంటుంది.


సిద్దిపేట_అన్న
నవంబరు 17, రాత్రి 10.52

చెల్లెమ్మా, పైన ఆమె చెప్పింది ముందు చెయ్యి. తర్వాత ఇది చదువు. నాది సిద్దిపేట పక్కన పల్లె, షిమ్లాకు వచ్చి పదకొండేళ్లు. మా ఊళ్ల కూడా కోతుల బాధ తక్కువేం కాదు. మక్కచేను మిగలనియ్యవు, పెంకుటిళ్ల మీద పెంకలు ఉండనియ్యవు. ఒకసారి ఊరంతా చందాలేసుకుని కొండముచ్చును తెప్పించినం. అందుకే ఇక్కడికి రాంగనే నాకు కొత్తగా అనిపియ్యలే. కానీ ఊళ్ల కోతికి, ఇక్కడి కోతికి ఒక తేడా ఉంది. ఇక్కడి కోతి తరాల తరబడి మనిషి చేతిల తిండి చూసి పెరిగింది. దానికి అడివిల వెతుక్కునే దానికంటే నీ చేతిల సంచి మీదనే నమ్మకం ఎక్కువ.

అత్తమ్మ గారి భక్తిని నేను తప్పుపట్టను. మా అమ్మ వచ్చినప్పుడు ఆమె కూడా అట్లనే పెట్టింది. కానీ అసలు సంగతి మాత్రం పండు దగ్గరనే ఉంది. ఏ కిటికీల తిండి దొరుకుతదో మందకు గుర్తుంటది, తల్లుల ఎంబడి పిల్లలు కూడా అదే దారి నేర్చుకుంటయి. పెట్టేవాళ్ల చేతికీ, పెట్టని పసిదాని చేతికీ దానికి తేడా తెలవదు. ఆ రోజు పాప చేతిల బిస్కెట్ ప్యాకెట్ కూడా దాని లెక్కల తనకోసం తెచ్చిందే. అత్తమ్మకు ఈ ముక్క పాప చెయ్యి చూపించి చెప్పు, కోపంగ కాదు, కూర్చోబెట్టి చెప్పు. స్వామికి పెట్టాలనుకున్న పండ్లు జాఖూ గుడిల పూజారి చేతికి ఇయ్యండి, ప్రసాదమై నలుగురు మనుషులకు పోతయి.

పెట్టుడు బంద్ చేసినంక రెండు మూడు వారాలు వాటి ఆగం ఇంకా ఎక్కువైతది. కిటికీ గట్టిగ గుంజుతయి, అరుస్తయి. అప్పుడు భయపడి ఒక్క పండు పెట్టినవంటే అయిపోయింది, గట్టిగ గుంజితే దొరుకుతదని నేర్చుకుంటయి. ఇంట్ల అందరూ ఒక్క మాట మీద ఉండాలె. కిటికీలన్నిటికీ ఇనుప జాలీ పెట్టించు, దోమల జాలీ కాదు, మందంగ ఉండేది. ఇంటి ఓనర్‌ను అడుగు, సంజౌలీల జాలీ లేకుండ ఇల్లు అద్దెకు ఇయ్యరు సాధారణంగ, అడిగితే పెట్టిస్తడు. ట్యాంకు మూత తీగతోటి కట్టు. ఆ నీళ్లు ఒకసారి మొత్తం వదిలేసి ట్యాంకు కడిగించండి. చెత్త బయట పెట్టకండి, తీసుకుపోయేవాళ్లు వచ్చినప్పుడే చేతికి ఇయ్యండి.

బయట నడిచేటప్పుడు పాపకు ఇవి నేర్పు. కళ్లలోకి చూడొద్దు, సూటిగ చూస్తే అది కొట్లాటకు పిలిచినట్టు అనుకుంటది. నవ్వుతూ పళ్లు చూపియ్యొద్దు. ఉరకొద్దు, మెల్లగ వెనక్కి నడవాలె. చేతిల ఏదన్నా ఉండి అది పట్టుకుంటే గుంజొద్దు, వదిలెయ్యాలె. ప్లాస్టిక్ కవర్ల చప్పుడు వినబడంగనే వస్తయి, కూరగాయలు, పాలు ఏవైనా వీపుసంచిల వేసుకో, పైన జిప్ పెట్టు. కర్ర ఒకటి చేతిల ఉండాలె, కొట్టడానికి కాదు, మెట్టు మీద టకటక కొట్టుకుంటూ దిగితే చాలు. పిల్లతల్లి కోతి ఉంటే ఇంకా దూరం. జాఖూకు పోయినప్పుడు కళ్లద్దాలు, సెల్‌ఫోన్ లోపల పెట్టుకోవాలె. నా కళ్లద్దాలు మొదటి యేడు అక్కడనే పోయినయి, ప్రసాదం కొనిచ్చినంకనే కింద పడేసింది, ఒక గాజు పగిలింది.

ఈ కోతుల సంఖ్య తగ్గించాలని సర్కారు కూడా చాలా చేసింది. షిమ్లాలనే టుటీకండీ అనే జాగల కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం ఉంది, పట్టుకుపోయి ఆపరేషన్ చేసి మళ్లీ అక్కడనే వదులుతరు. 2016ల షిమ్లా నగరం వరకు కోతిని హాని చేసే జంతువుగా కూడా ప్రకటించిన్రు కానీ చంపడానికి జనం ఒప్పలే, ఇక్కడివాళ్లకూ అది స్వామి రూపమే. నా మనసుకూ అదే సరైందనిపిస్తది. వాటి జాగల మనం ఇల్లు కట్టుకున్నం. వాటికి తిండి చూపియ్యకుండ బతుకుడు మన పని.

కొండముచ్చులు కూడా కనబడతయి, పొడుగు తోక, నల్ల మొహం. అవి ఆకులు, చిగుర్లు తింటయి, మనిషి జోలికి అంతగా రావు. వాటిని చూసి భయపడకండి.


యారాడ_కొండ
నవంబరు 18, ఉదయం 7.15

అక్కా, మాది విశాఖ, నేను ఛోటా షిమ్లాలో ఉంటాను, ఇది నాకు నాలుగో చలికాలం. కోతుల గురించి అన్నయ్య చెప్పేశారు, నేను ఇంటి సంగతి చెప్తాను.

మొదట ఒక మాట గట్టిగా చెప్తాను. కుంపటి. ఇక్కడ అంగీఠీ అంటారు, రేకు బకెట్టులో బొగ్గులు వేసి వెలిగిస్తారు. చలికి తట్టుకోలేక దాన్ని పడకగదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకునేవాళ్లు ఉంటారు. మీ పక్కింటివాళ్లు ప్రేమగా తెచ్చిచ్చినా సరే గదిలో పెట్టుకోవద్దు. బొగ్గు సరిగ్గా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఏమీ ఉండవు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది చేరిపోతుంది, నిద్రలో ఉన్న మనిషికి మెలకువే రాదు. ఉత్తరాదిలో ప్రతి చలికాలం కుటుంబాలకు కుటుంబాలే ఇలా పోతున్నాయి. బుఖారీ వేరు, అది కట్టెలు వేసే ఇనుప పొయ్యి, పొగ గొట్టం ఇంటి బయటికి ఉంటుంది. అదైనా గొట్టం మూసుకుపోకుండా చూసుకోవాలి, పడుకునే ముందు ఆర్పేయాలి. మీకైతే నూనె నింపిన కరెంటు హీటరు మంచిది. కానీ పాత ఇళ్లలో వైరింగు గీజరును, హీటరును ఒకేసారి మోయలేదు, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఎలక్ట్రిక్ దుప్పటితో పక్క వెచ్చబెట్టుకుని, ఎక్కే ముందు స్విచ్ ఆపేయండి.

ఎండ మూడు గంటలే అంటున్నారు కాబట్టి మీ ఇల్లు ఉత్తరం వైపు వాలులో ఉన్నట్టుంది. షిమ్లాలో ఇల్లు చూసేటప్పుడు గదులెన్ని అని కాదు, ఎండ ఎంతసేపు అని అడగాలి. ఇది నాకు రెండో యేడు అర్థమైంది. వచ్చే యేడాది మారండి, ఈ యేడాదికి ఆ మూడు గంటల్నే వాడుకోండి. ఎండ రాగానే కర్టెన్లన్నీ తీసేయండి, రెండింటికి మూసేయండి. అత్తయ్యను మధ్యాహ్నం బయట ఎండలో కూర్చోబెట్టండి, ఇక్కడి పెద్దవాళ్లంతా అదే చేస్తారు, ఊలు అల్లుకుంటూ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. చలికి బీపీ పెరుగుతుంది. దాహం వేయదని నీళ్లు తాగడం మానేస్తారు, గోరువెచ్చటి నీళ్లు మీరే చేతికివ్వండి, బీపీ వారానికోసారి చూపించండి. వేడి సంచి మోకాళ్లకు పెట్టుకుంటే చాలా హాయి.

మంచు సాధారణంగా డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పడుతుంది. పడేటప్పుడు ఏమీ భయం లేదు, పాప అయితే ఎగిరి గంతేస్తుంది. ప్రమాదమంతా మర్నాడే. పగలు కరిగిన నీళ్లు రాత్రి మళ్లీ గడ్డకట్టి మెట్ల మీద గాజులా పేరుకుంటాయి, తడి నేలలాగే కనపడుతుంది, కాలు పెడితే ఒకటే జారుడు. నేను మొదటి యేడు అలాగే లక్కర్ బజార్ వైపు నీడలో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. మీకు 42 మెట్లు ఉన్నాయి, అది తేలిక కాదు. ఇప్పుడే ఒక బస్తా ఇసుక, కొంత ఉప్పు, దొరికితే కట్టెల బూడిద మెట్ల పక్కన పెట్టుకోండి. లోతుగా గాళ్లున్న బూట్లు కొనండి. ఇక్కడివాళ్లు బూట్ల మీదుగా పాత ఊలు మేజోళ్లు తొడుక్కుని నడుస్తారు, పట్టు బాగా దొరుకుతుంది, నేనూ అదే చేస్తాను. చిన్న చిన్న అడుగులు, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. ఇంకొకటి, రేకుల కప్పుల మీద పేరుకున్న మంచు ఎండ తగలగానే ఒక్కసారిగా కిందికి జారిపడుతుంది. చూరు కింద పాపను ఆడుకోనివ్వకండి.

పైపులు: నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, అందుకే పైపు పగులుతుంది. బయట ఉన్న పైపులకు ఫోమ్ తొడుగు వేయించండి, లేదా గోనెపట్టా చుట్టి పైన ప్లాస్టిక్ కట్టండి. బాగా చలి వేసే రాత్రి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, కింద కుళాయిలు తిప్పి పైపులో ఉన్న నీళ్లు వదిలేయండి. పొద్దున్నకు రెండు బకెట్లు, ఒక బిందె లోపలే నింపి పెట్టుకోండి. గడ్డకట్టిన పైపు మీద సలసల కాగే నీళ్లు పోయకూడదు, వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టాలి, అదీ కుళాయి వైపు నుంచి మొదలుపెట్టాలి. 2017 జనవరిలో కురిసిన మంచుకు ఊళ్లో చాలాచోట్ల కొన్ని రోజులపాటు కరెంటు, నీళ్లు లేవని మా ఓనరమ్మ ఇప్పటికీ చెప్తుంది. అందుకని పది రోజులకు సరిపడా బియ్యం, పప్పు, అత్తయ్య మందులు, ఒక నిండు సిలిండరు, కొవ్వొత్తులు డిసెంబరు 15కల్లా ఇంట్లో ఉండాలి.

బట్టల విషయం మీకు తెలిసే ఉంటుంది, ఒక్క లావు కోటు కన్నా లోపల థర్మల్స్, మీద ఊలు, పైన గాలి దూరనిది మేలు. లోపల నూలు బట్ట వేయకండి, చెమటకు తడిసి ఇంకా చలేస్తుంది.

పాప బడికి ఇక్కడ వేసవి సెలవులు చిన్నవి, పెద్ద సెలవులు చలికాలంలోనే, జనవరి మొదలు ఫిబ్రవరి సగం దాకా. సంక్రాంతికి బెజవాడ వెళ్లి, అత్తయ్యకు మరీ కష్టంగా ఉంటే ఆమెను అక్కడే కొన్నాళ్లు ఉంచి రండి.


అలిపిరి_మెట్టు
నవంబరు 18, మధ్యాహ్నం 1.20

చిరుత గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది తిరుపతి. ఆరేళ్లు షిమ్లాలో చదువు, ఉద్యోగం చేసి పోయిన యేడే ఇంటికొచ్చేశాను. నాకు ఈ విషయం మీద మాట్లాడాలంటే గొంతు పట్టేస్తుంది. 2021లో షిమ్లా ఊళ్లోనే, కొన్ని నెలల తేడాలో ఇద్దరు చిన్నపిల్లల్ని చిరుత ఎత్తుకుపోయింది, రెండోది దీపావళి రాత్రి. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. 2023 ఆగస్టులో మా అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపకు అదే జరిగింది. తర్వాత దేవస్థానం వాళ్లు మధ్యాహ్నం రెండు దాటాక పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మెట్లదారిన పంపలేదు, నడిచేవాళ్లకు కర్రలిచ్చారు, గుంపులుగా వెళ్లమన్నారు. చూడండి, రెండు ఊళ్లకూ పద్ధతి ఒక్కటే.

భయపెట్టడానికి కాదు ఇది చెప్పడం. చిరుతకు మనిషి మీద మామూలుగా ఆసక్తి లేదు. అది కుక్కల కోసం వస్తుంది. చెత్త ఎక్కడ పోగుపడితే అక్కడ కుక్కలు, కుక్కలు ఉన్నచోటికి చిరుత. పొద్దుగూకాక ఒంటరిగా, పొట్టిగా కనిపించే పిల్లలే దాని కంట పడతారు. అందుకని చీకటి పడ్డాక పాప ఒక్కతే గుమ్మం దాటకూడదు, పక్కింటికైనా సరే. మెట్లు దిగేటప్పుడు పాప మీ ఇద్దరి మధ్యలో ఉండాలి, ముందూ కాదు వెనకా కాదు. చెయ్యి పట్టుకోండి. టార్చి వేసుకుని గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి, మనుషుల అలికిడి వింటే చాలావరకు అదే తప్పుకుంటుంది. మెట్ల పక్కన పొదలుంటే కొట్టించండి, లైటు లేకపోతే మీ ఖర్చుతోనైనా ఒకటి వేయించండి. నాలా దగ్గరికి సాయంత్రం వెళ్లొద్దు. ఎదురుపడితే వీపు చూపించి పరిగెత్తకూడదు, పాపను ఎత్తుకుని, ఒక చెయ్యి పైకెత్తి పెద్దగా కనపడుతూ అరుస్తూ వెనక్కి నడవాలి.

పక్కింటావిడ నిజంగా చూసిందా, విన్నదా కనుక్కోండి. చూసి ఉంటే అటవీశాఖ వాళ్లకు చెప్పించండి, వాళ్లు వచ్చి అడుగుజాడలు చూస్తారు.


బెజవాడ_అమ్మాయి
నవంబరు 22, సాయంత్రం 6.05

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. 18న పొద్దున ఎనిమిదింటికే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు భూతద్దం పెట్టి చూశారు. రెండు గీతల్లో ఒకటి చర్మం తెగిందట, మాకు కనిపించలేదు. గాయం చుట్టూ సీరం ఇచ్చారు, టీకా వేశారు. పాప చాలా ఏడ్చింది. ‘తెల్లకోటు’ గారూ, మీరు ఆ రాత్రి రాయకపోయి ఉంటే మేము వెళ్లేవాళ్లం కాదు. నిన్న రెండో డోసు కూడా అయింది. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఆ సీరం ఇస్తున్నప్పుడు పాపను ఒళ్లో పెట్టుకుంది అత్తయ్యే. ఇంటికొచ్చాక నేనేమీ చెప్పకుండానే బుట్టలోని అరటిపండ్లు తీసి పక్కింటి పిల్లలకు పంచేశారు. రాత్రి మాత్రం చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ‘స్వామికి పెట్టాననే అనుకున్నానే’ అన్నారు. నేనేం మాట్లాడలేకపోయాను, పక్కన కూర్చున్నాను. ఆదివారం జాఖూ వెళ్లి గుడిలో పండ్లు ఇద్దాం అంటే సరే అన్నారు, కళ్లద్దాలు సంచిలో పెట్టుకుంటానని తనే అన్నారు.

సిద్దిపేట అన్నగారు చెప్పినట్టే జరుగుతోంది, పెట్టడం ఆపాక గోల రెట్టింపయింది. ఓనరు జాలీకి ఒప్పుకున్నారు. పక్కింటావిడ చిరుతను తను చూడలేదట, పాలవాడు చెప్పాడట. అయినా సరే మెట్ల మధ్యలో ఒక లైటు వేయించాం. ఇసుక బస్తా తెచ్చాం. ఇంకా ఇడ్లీ పిండి ఎవరూ చెప్పలేదు!


యారాడ_కొండ
నవంబరు 22, రాత్రి 8.40

అయ్యో అక్కా, అసలైనది మర్చిపోయాను. గది పది పన్నెండు డిగ్రీలుంటే పిండి ఎక్కడ పొంగుతుంది. మినప్పప్పు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి, గుప్పెడు అటుకులు, చెంచాడు మెంతులు వేసి రుబ్బండి, రుబ్బేటప్పుడు కూడా గోరువెచ్చటి నీళ్లే. ఉప్పు ముందు వేయొద్దు, పొంగాక వేసుకోండి. గిన్నెను హాట్‌ప్యాక్‌లో గానీ, వేడినీళ్లు పోసిన పెద్ద గిన్నెలో గానీ పెట్టి, పైన రజాయి కప్పేయండి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. ఇరవై గంటలైనా పడుతుంది, మూత తీసి తీసి చూడకండి. పెరుగు కూడా అలాగే, తోడు కాస్త ఎక్కువ వేసి రాత్రంతా హాట్‌ప్యాక్‌లో. ఈ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే కందిపప్పు విడిగా గిన్నెలో ఉడకదు, నానబెట్టి కుక్కర్‌లో ఇంకో రెండు కూతలు ఎక్కువ పెట్టండి.

పిండి మరీ మొండికేసిన వారం సిడ్డూ చేసుకోండి. గోధుమపిండి ఈస్టుతో పొంగించి, లోపల గసగసాలో అక్రోట్ ముద్దో పెట్టి, మన కుడుముల్లాగే ఆవిరి మీద ఉడికిస్తారు. వేడివేడిగా నెయ్యి పోసి తింటారు. అత్తయ్యకు తప్పకుండా నచ్చుతుంది.


బెజవాడ_అమ్మాయి
నవంబరు 26, ఉదయం 10.30

పిండి పొంగింది. పద్దెనిమిది గంటలు పట్టింది, అత్తయ్య తన రజాయి దానికే ఇచ్చేసి శాలువా కప్పుకుని పడుకున్నారు. మొదటి వాయి పక్కింటావిడకు పంపాం, ఆవిడ గిన్నె ఖాళీగా ఇవ్వకుండా యాపిల్ పళ్లు వేసి పంపింది.

జాలీ నిన్న బిగించారు. ఈరోజు పొద్దున కోతులు ఆరు వచ్చాయి. చువ్వలు పట్టుకోబోయి జాలీ తగిలి ఆగాయి, దాని మీద వేళ్లు ఆనించి లోపలికి చూస్తూ పదినిమిషాలు కూర్చుని లేచి దేవదారు కొమ్మల మీదుగా పోయాయి. అవి పోయాక అదే కొమ్మ మీదికి పొడుగాటి తోకతో నీలం రంగు పక్షి ఒకటి వచ్చింది, ముక్కు ఎర్రగా ఉంది. పాప దాని పేరేమిటని అడుగుతోంది, తెలిసినవాళ్లు చెప్పండి. మూడో డోసు నిన్న అయింది, కార్డు మీద ఇంకొక్క తేదీ మిగిలింది.